గృహారోగ్యము: రొమ్ములోనికి జారు ప్రేగులు

స్త్రీల కడుపునొప్పికి మన యిండ్లలో పేళ్లు చాల కలవు. వాతమందురు, వాయువందురు, అజీర్ణమందురు, నరముల బలహీనత యందురు; తుదకు దిష్టి యనియు నందురు. వాముకషాయమో శొంఠిపొడియో యిచ్చి యూరకుందురు. పెక్కుసారులు ఆ మందుతోనే నొప్పి తగ్గును గనుక ఆ పేళ్లకు విలువ కలిగినది. కాని యేండ్ల తరబడి వచ్చుచు పోవుచు, భోజనము చేసినపిమ్మట ఆయాసముతో గూడి వచ్చు నొప్పికి వేరొక కారణ ముండవచ్చును. ఆ కారణము ఆమె తన తల్లి గర్భమున నున్ననాడే యేర్పడినది కావచ్చును. అది అరుదైనదే యైనను, తెలియకపోయినచో ప్రాణాపాయము దెచ్చునదియు, తెలిసినచో శస్త్రచికిత్సచే కుదురునదియు గనుక, ఈ మాసము ఆ విషయము వ్రాయుచున్నాము.

ఉదరవితాన మనగా నేమి?

మన రొమ్మునకును కడుపునకును నడుమ నొక కండరపు తెర గలదు. అది పక్కటెముకల క్రింది యంచులను, వెన్నెముకను అంటిపెట్టుకొని, బోర్లించిన మూకుడువలె పైకి లేచియుండును. దీనిని ఉదరవితాన మందురు; డాక్టర్లు డయాఫ్రం అని వాడుదురు. దీనికి పైన గుండెయు ఊపిరితిత్తులును, క్రింద కాలేయము, అన్నకోశము, ప్లీహము, ప్రేగులు నుండును. మనము ఊపిరి పీల్చినప్పుడెల్ల ఈ తెర క్రిందికి దిగి ఊపిరితిత్తులకు చోటిచ్చును. విడిచినప్పుడు మరల పైకి లేచును. ఊపిరి పీల్చు పనిలో ముఖ్యభారము దీనిదే. రెండు పెద్ద రక్తనాళములకును ఆహారనాళమునకును దారిగా దీనిలో సహజమైన మూడు పెద్ద ద్వారములు గలవు. ప్రేగులు పైకి బోవునంతటి వేరు సందు దీనిలో నుండరాదు.

ఈ తెర ఒకే గుడ్డనుండి కత్తిరించినది గాదు. శిశువు గర్భమున బడిన మొదటి మూడు మాసములలోనే, వేర్వేరు తావులనుండి పెరిగివచ్చిన నాలుగు భాగములు, ముక్కలు కలిపి కుట్టిన బొంతవలె, ఒకదానితో నొకటి యతుకుకొనగా ఇది యేర్పడును. ఆ యతుకులలో నేదైన నొకటి కలియక మిగిలినచో అచ్చట సందు నిలిచిపోవును. కడుపులోని యవయవములు ఆ సందుగుండ రొమ్ములోనికి పోవుటయే పుట్టుకతో వచ్చు ఉదరవితానపు హెర్నియా.

ఇట్టి సందులు ముఖ్యముగా రెండు చోట్ల నుండును. వెనుకవైపున, ప్రక్కగా నుండుదానిని ప్రేగ్ నగరపు శరీరశాస్త్ర పండితుడు బోక్‌డాలెక్ 1848లో వర్ణించెను. దాని కాతని పేరే నిలిచినది. నూటికి ఎనుబదిసారులు ఇది యెడమవైపుననే కనబడును. కుడివైపు సందు గర్భమున ముందుగా మూసికొనుటయు, ఆ వైపున కాలేయము అడ్డుగా నుండుటయు దీనికి కారణములని చెప్పుదురు. రెండవ రకపు సందు ముందువైపున, రొమ్ముటెముక వెనుక నుండును. దీనిని ఇటలీలోని పాడువా నగరపు వైద్యపండితుడు మోర్గాన్యి 1761లో తన గ్రంథమున వ్రాసెను. ఇది మొదటిదానికంటెను అరుదు. తరచు కుడివైపున నుండును. ఎక్కువగా పెద్దవయసుననే తెలియవచ్చును.

ఇచట నొక మాట చెప్పవలెను. బిడ్డకు పుట్టుకతో నే లోపమున్నను తల్లిని తప్పుపట్టుట మన యిండ్లలో పరిపాటి. గ్రహణమునాడు బయటికి వచ్చినదనియు, కత్తిపీట ముట్టినదనియు ఆమెను నిందింతురు. గ్రహణమునకును ఈ సందునకును ఏ సంబంధమును లేదు. కొందరిలో వంశబీజములకు సంబంధించిన మార్పులు కనబడుచున్నవి. పెక్కుమందిలో కారణ మింకను తేలలేదు. ఒక్క మాట నిశ్చయము: ఇది తల్లిని నిందింపదగిన విషయము గాదు.

పుట్టుకతో వచ్చినది పెద్దవయసున బయటపడు టెట్లు?

సుమారు 2,500 మొదలు 3,500 వరకు జననములలో ఒక బిడ్డకు ఈ లోప ముండునని లెక్క. వారిలో ఎక్కువమంది పుట్టిన కొలది గంటలలోనే ఊపిరాడక నీలమెక్కుదురు. పూర్వ మట్టి శిశువులు బ్రతుకుట కష్టముగా నుండెను. 1946లో అమెరికాదేశపు బోస్టన్ నగరమున రాబర్ట్ గ్రాస్ అను శస్త్రవైద్యుడు, పుట్టి యొక దినమైన నిండని శిశువునకు శస్త్రచికిత్స చేసి బ్రతికించిన సంగతి ప్రకటించెను. నేడు బిడ్డ గర్భమున నుండగనే అల్ట్రాసౌండు పరీక్షలో ఈ లోపమును పెక్కుసారులు కనిపెట్టుచున్నారు.

అయినను కొందరు ఏ బాధయు లేక పెరిగి పెద్దవా రగుదురు. వారిలో సందు చిన్నదై యుండవచ్చును. లేదా ప్లీహమో, కాలేయమో, ప్రేగులను గప్పియుండు కొవ్వుపొరయో బిరడావలె దానిని మూసియుండవచ్చును. లేదా పలుచని పొర యొకటి సంచివలె అడ్డుపడి యుండవచ్చును. అందుచే వారి ఊపిరితిత్తులు చక్కగనే పెరుగును. ఇది క్రొత్తగా తెలిసిన సంగతియు గాదు. ఈ వ్యాధినిగూర్చి తొలుత వెలువడిన వర్ణనలలో 1679 నాటిదిగా చెప్పబడునది శిశువునుగూర్చినది గాదు. ఇరువదినాలుగేండ్ల మనుష్యుడు చనిపోయిన పిమ్మట దేహమును కోసి చూడగా కనబడినది.

ఇట్లు మూతపడి యున్న సందు కడుపులో ఒత్తిడి పెరిగినప్పుడు తెరచుకొనును. గర్భము పెరుగుట, ప్రసవమునందు ముక్కుట, విడువని దగ్గు, మలబద్ధముచే బలముగా ముక్కుట, బరువులెత్తుట, స్థూలకాయము, కడుపునకు దెబ్బ తగులుట - ఇవి అట్టి సందర్భములు. వీనిలో మొదటి రెండును స్త్రీలకు మాత్రమే కలుగునవి. కావున ఈ వ్యాధి మన పత్రికలో చెప్పదగినదే.

లక్షణములు

ఈ వ్యాధికి రెండు ముఖము లున్నవి. ఒకప్పుడు కడుపు జబ్బువలెను, మరియొకప్పుడు రొమ్ము జబ్బువలెను కనబడును. దీనిని గుర్తించుటలో కష్ట మంతయు నిచ్చటనే యున్నది.

ముప్పదియైదేండ్ల యిల్లాలి నొకతెను తలచుకొనుడు. ఇంటివా రందరును భుజించిన పిమ్మట ఆమె కూర్చుండును. నాలుగు ముద్దలు తినగనే కడుపు నిండినట్లుండును. పిదప ఎడమ పక్కటెముకల క్రింద బరువు, నొప్పి. పండుకొన్నచో ఊపిరి చాలదు, లేచి కూర్చున్నచో కొంత నెమ్మది. ఒక్కొక్కసారి నొప్పి యెడమ భుజమునకు ప్రాకును, వాంతియైనచో తగ్గును. వారము దినములు బాధించి, నెల దినములు కనబడదు. కడుపు డాక్టరునొద్దకు పోయి కడుపు సంగతి మాత్రమే చెప్పును; ఆయాసమునకు వేరొక డాక్టరు ఉబ్బసపు మందిచ్చును. ఆమె మాత్రము తనకు రెండు జబ్బు లున్నవని తలచును. తుదకు ఇంటిలో, 'ఈమె కెప్పుడును ఏదో యొకటి' యను మాట పుట్టును. ఆ మాట పుట్టినపిమ్మట ఆమె చెప్పుకొనుటయే మానును.

పైని చెప్పిన లక్షణములన్నియు అందరిలోను ఉండవు. కొందరికి అజీర్ణమువంటి బాధ మాత్రమే యుండును. కొందరికి మాటిమాటికి రొమ్ముపడిశము పట్టును. కొందరికి ఏ బాధయు లేక వేరొక పనికై తీయించిన ఎక్స్‌రేలో కనబడును. కాని భోజనమునకును ఆయాసమునకును సంబంధము గలదేమో యని విచారించుట మిక్కిలి యవసరము. తిన్న పిమ్మటను, పండుకొన్నప్పుడును ఊపిరికి కష్టమగుచున్నచో ఆ రెండు సంగతులను ఒకే డాక్టరునకు, ఒకేసారి చెప్పవలెను.

అపాయకరమైన స్థితి వేరు. రొమ్ములోనికి పోయిన ప్రేగు గాని అన్నకోశము గాని ఆ సందులో చిక్కుకొని మెలిపడినచో, దానికి రక్తము అందదు. అప్పుడు హఠాత్తుగా పైకడుపునను రొమ్మునను తీవ్రమైన నొప్పి కలుగును, వాంతులగును, లేదా వాంతి వచ్చినట్లుండి ఏమియు రాదు, మలమును వాయువును బంధించును, చెమటలు పోయును, ఊపిరాడదు, నాడి వేగముగా కొట్టుకొనును. కొలది గంటలలో ప్రేగు కుళ్లి పగులవచ్చును. ఇది ఇంటివైద్యమునకు తావుగల సమయము గాదు.

రోగనిర్ణయము

డాక్టరు రొమ్ముపై గొట్టము పెట్టి వినునప్పుడు, ఊపిరి చప్పుడు వినబడవలసిన చోట అది తగ్గి, ప్రేగుల గుడగుడ వినబడవచ్చును. అట్టిది విన్న వైద్యునకు వెంటనే అనుమానము కలుగును. పిమ్మట రొమ్మునకు ముందునుండియు ప్రక్కనుండియు ఎక్స్‌రే తీయుదురు. ఊపిరితిత్తి యుండవలసిన చోట గాలితో నిండిన ప్రేగుల వలయములో, నీటిమట్టమువంటి గీతలో కనబడును. ముక్కుగుండ అన్నకోశములోనికి సన్నని గొట్టమును వేసి మరల ఎక్స్‌రే తీసినచో, అన్నకోశము పైకి పోయిన పక్షమున, ఆ గొట్టము రొమ్ములో చుట్టుకొని కనబడును. బేరియము మందు త్రాగించి తీసిన చిత్రములును కొన్ని సందర్భములలో సాయపడును.

కాని ఎక్స్‌రేను మాత్రమే నమ్ముటకు వీలులేదు. అవయవములు తిరిగి క్రిందికి జారియున్న దినమున తీసిన చిత్రము చక్కగనే యుండవచ్చును. కావున నేటి కాలమున నిశ్చయమైన పరీక్ష సీటీ స్కాను. అది దేహమును పొరలుపొరలుగా చూపును. సందు ఎచ్చట నున్నదియు, ఎంత వెడల్పున్నదియు, ఏయే అవయవములు పైకి పోయినవియు, వానికి రక్తప్రసారము సరిగా నున్నదియు లేనిదియు దానిచే తెలియును. అట్టి స్కాను యంత్రములు ఇప్పుడు ప్రభుత్వపు పెద్దాసుపత్రులలోను గలవు.

ఎక్స్‌రే చిత్రమును అపార్థము చేసికొనుటచే కలుగు కీడు గొప్పది. ఎడమ రొమ్మున కనబడిన నీడను చూచి ఊపిరితిత్తి చుట్టు నీరు చేరినదనియు, క్షయ యనియు, గాలి చేరినదనియు అనుకొనుట కలదు. క్షయ మన దేశమున విస్తారముగా నున్నది గనుక వైద్యుని మనస్సు ముందుగా దానిపైకి పోవుట సహజమే. కాని నీరు తీయుటకు సూదిగాని గొట్టముగాని గ్రుచ్చినచో, అచ్చట నున్నది నీరు గాక అన్నకోశమో ప్రేగో యైనచో, అది చిల్లిపడి ప్రాణముమీదికి వచ్చును. కావున అట్టి గొట్టము వేయుటకు ముందు, 'ఈమెకు చాలకాలమునుండి తిన్నవెంటనే నొప్పియు ఆయాసమును ఉన్నవి. రొమ్ములోనికి ప్రేగులు పోయి యుండునా?' యని యింటివారు వినయముగా అడుగవచ్చును. మంచి వైద్యుడు ఆ మాటకు కోపింపడు. పూర్వము ప్రమాదమున రొమ్మునకో కడుపునకో గట్టి దెబ్బ తగిలి యున్నచో అదియు చెప్పవలెను. దెబ్బచే ఉదరవితానము చినిగి, ఏండ్లు గడచినపిమ్మట ఇట్టి బాధయే కలుగుట గలదు.

ఆహారనాళము పోవు సహజద్వారము వదులై, అన్నకోశపు పైభాగము కొంచెము పైకి జారుట వేరొక వ్యాధి. దానిని హయాటస్ హెర్నియా యందురు. పులిత్రేనుపులు, గుండెమంట దాని ముఖ్యలక్షణములు. అది మిక్కిలి సామాన్యము. పెక్కుమందికి మందులతోను ఆహారనియమముతోను శాంతించును. పేళ్లు ఒకటిగా నున్నవని ఒకదాని చికిత్సను మరియొకదానికి చేయరాదు.

చికిత్స

ఈ సందును మూయగల మాత్రగాని లేహ్యముగాని లేదు. పట్టీ బిగించినను, నూనె రాచి కడుపు పిసికించినను, ఆసనములు వేసినను అది మూసికొనదు; పైగా పిసికించుటచే కీడు కలుగవచ్చును. చికిత్స శస్త్రచికిత్సయే. బాధ కొలదిగా నున్నను, ప్రేగుగాని అన్నకోశముగాని పైకి పోయి యున్నచో, ఎప్పుడైన మెలిపడు భయ మున్నది గనుక, దేహము తట్టుకొనగలవారికి ముందుగనే మరమ్మతు చేయుట మేలని వైద్యులు సలహా యిత్తురు. ముదిమివయసున వేరొక పనికై తీసిన స్కానులో, వెనుకవైపున చిన్న సందుగుండ కొలది కొవ్వు మాత్రము పైకి పోయినట్లు కనబడుట అరుదు గాదు. బాధలేని యట్టివారికి తరచు ఏ చికిత్సయు నక్కరలేదు. హెర్నియా యను పేరు విని వారు బెదరవలదు.

శస్త్రచికిత్స మత్తుమందిచ్చి చేయుదురు. కడుపు కోసిగాని, రొమ్ము కోసిగాని, లేక చిన్న చిన్న రంధ్రములు చేసి దూరదర్శినివంటి గొట్టముతో చూచుచుగాని చేయవచ్చును. ఏది తగినదో సందు ఉన్న చోటునుబట్టియు రోగి స్థితినిబట్టియు వైద్యుడు నిర్ణయించును. పైకి పోయిన యవయవములను మెల్లగా క్రిందికి దించి, అవి యారోగ్యముగా నున్నవో లేవో పరీక్షించి, సందు అంచులను కరగని దారముతో దగ్గరకు కుట్టుదురు. సందు పెద్దదైనచో చినిగిన చీరకు మాసికవేసినట్లు కృత్రిమమైన వలముక్కను పరచి కుట్టుదురు. ప్రేగు మెలిపడి కుళ్లినపుడు మాత్రము ఆ భాగమును కోసివేయవలసి వచ్చును, అపాయము ఎక్కువగును. ముందుగా తెలిసికొని నిదానముగా చేయించుకొన్న చికిత్సకును, అర్ధరాత్రి అత్యవసరముగా చేయవలసివచ్చిన చికిత్సకును భేద మిచ్చటనే యున్నది.

శస్త్రచికిత్స జరిగినపిమ్మట కొన్నిదినములు రొమ్ములో గొట్టముండవచ్చును. అణగియున్న ఊపిరితిత్తి విచ్చుకొనుటకై గాఢముగా ఊపిరి పీల్చు అభ్యాసము చేయింతురు. నొప్పియని దానిని మానరాదు. ఇంటికి వచ్చినపిమ్మట వైద్యుడు చెప్పిన గడువువరకు నీళ్లబిందె, బియ్యపుబస్తా, పిండిరుబ్బు బరువుపనులు, చంకబిడ్డ నెత్తుట - ఇవి కూడవు. దగ్గును మలబద్ధమును రానీయరాదు. కొంచెము కొంచెముగా పలుమారులు తినవలెను. లోపల కుట్టు మానుటకు కాలము పట్టును. పైకోత మానినంతమాత్రమున ఇల్లాలిని పొయ్యిదగ్గరకు పంపుట న్యాయము గాదు. సందు మరల తెరచుకొనుట అరుదైనను కలదు గనుక, చెప్పిన దినమున తిరిగి చూపించుకొనవలెను.

గర్భిణుల విషయము

గర్భిణికి వాంతులు సహజమని అందరును ఎరుగుదురు. ఆ యెరుకయే ఇచట అడ్డు తగులును. నాలుగైదు మాసములు నిండినపిమ్మట క్రొత్తగా ఆరంభమైన విడువని వాంతులును, పైకడుపు నొప్పియు, ఆయాసమును కలసి యున్నచో వేవిళ్లని విడువరాదు. గర్భము పెరుగుకొలది కడుపులోని యవయవములు పైకి నెట్టబడును. ప్రసవమున ముక్కుటచే ఒత్తిడి మరింత హెచ్చును. ప్రేగు మెలిపడిన అనుమాన మున్నచో, ఎన్నవ మాసమని చూడక వెంటనే శస్త్రచికిత్స చేయవలసి యుండును. ఎక్స్‌రేగాని స్కానుగాని కడుపులోని బిడ్డకు కీడని భయపడి, అవసరమైన పరీక్షను ఆపుట తల్లికిని బిడ్డకును గూడ అపాయము. బాధలేని సమయమున తెలిసినచో, శస్త్రవైద్యుడును ప్రసూతివైద్యురాలును కలసి యోచించి, గర్భముండగనే మరమ్మతు చేయవలెనో, ప్రసవమువరకు వేచియుండవలెనో, ప్రసవ మెట్లు జరుగవలెనో నిశ్చయింతురు. అట్టివారు ఇంటివద్ద గాని చిన్న ఆసుపత్రిలో గాని ప్రసవింపరాదు.

ఇంటివారు చేయవలసినవి

హఠాత్తుగా నొప్పియు వాంతులును ఆయాసమును కలిగినపుడు ఆమెకు అన్నముగాని నీరుగాని ఇయ్యరాదు. ఆముదమును విరేచనపు మాత్రలను అసలే యియ్యరాదు. చిక్కుకొన్న ప్రేగును అవి మరింత పీడించును. చదునుగా పండుకొనబెట్టక, దిండ్లానించి కూర్చుండబెట్టి, 108కి ఫోను చేసి, శస్త్రచికిత్సయు సీటీ స్కానును గల ఆసుపత్రికి చేర్చవలెను. పాత ఎక్స్‌రేలను, చీటీలను వెంట కొనిపోవలెను. ఖర్చునుగూర్చి సందేహించువారు, ప్రభుత్వ ఆరోగ్యపథకము తమకు వర్తించునేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర నడుగవచ్చును.

నిదానముగా బాధించు నొప్పియైనచో ఒక కాగితముపై నెలదినములు వ్రాసి యుంచుడు: నొప్పి యే దినమున వచ్చినది, తిన్న యెంతసేపటికి వచ్చినది, పండుకొన్నచో హెచ్చినదా, ఊపిరి కష్టమైనదా, వాంతియైనదా. ఆ కాగితమును డాక్టరు చేతికిండు. 'ఎప్పుడును ఏదో యొకటి' యను మాటకంటె ఆ కాగితమునకు విలువ యెక్కువ.

ఇది యెల్లర యిండ్లలో నుండు వ్యాధి గాదు. ప్రతి కడుపునొప్పియు ఇదియే యనుకొని దిగులుపడ నక్కరలేదు. కాని మీ కోడలో, కూతురో, తోడికోడలో తిన్నవెంటనే గోడ కానుకొని కూర్చుండి ఊపిరికై యాయాసపడుట మీరు పలుమారులు చూచి యున్నచో, 'ఎన్నాళ్లనుండి?' యని యొక్కమా రడుగుడు. అడిగి యూరకుండక, ఆమెతోగూడ ఆసుపత్రికి పొండు.